తీసిన ముక్క చేతిలో పెట్టాలి

"మదర్‌బోర్డు పోయింది." ఈ మాట విని విని నాకు విసుగెత్తిపోయింది. షార్జాలో రోలా వెనక సందులో నా రిపేరు బల్ల ఉంది. అక్కడికి వచ్చే సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌ల్లో సగానికి పైగా ఈ తీర్పు మోసుకునే వస్తాయి. ఏం చూసి చెప్పారయ్యా అంటే, బటన్ నొక్కారట, లైటు రాలేదట, అంతే. మూత విప్పలేదు. మీటరు పెట్టలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని కాలిన వాసన వస్తోందేమో చూడలేదు. నాడి పట్టుకోకుండానే ఇక లాభం లేదనే వైద్యుడి గడప మళ్లీ తొక్కుతామా? మిషన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరం తలూపి కొత్తదానికి డబ్బులు లెక్కపెడుతున్నాం.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఈ మాట అంటే ఈ కాలం పిల్లలకు నచ్చదని తెలుసు. నచ్చకపోయినా అంటాను. ఆ తొందరపాటు తీర్పుతో ఎవరో కష్టజీవి నెల జీతం పోతోంది, నా కళ్ల ముందే పోతోంది.

నేను పని నేర్చుకున్నది జగిత్యాలలో, ఒక రేడియో మెకానిక్ దగ్గర. 1987లో పదో తరగతి కాగానే నాన్న నన్ను ఆ షాపులో కూర్చోబెట్టాడు. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల టీవీలు, మర్ఫీ, ఫిలిప్స్ రేడియోలు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు భుజాన మోసుకొచ్చిన టూ ఇన్ వన్‌లు, అన్నీ మా బల్ల మీదికే వచ్చేవి. మా ఉస్తాద్‌కి రెండు నియమాలు. ఒకటి, తప్పు ఎక్కడుందో నోటితో చెప్పనిదే సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకూడదు. రెండు, లోపలినుంచి ఏ ముక్క తీసినా దాన్ని కాగితంలో చుట్టి, తెచ్చినవాడి చేతిలో పెట్టాలి. కాలిన రెసిస్టరైనా సరే, ఉబ్బిన కండెన్సరైనా సరే. "ముక్క చేతుల వెట్టాలె అని ముందుగాల్నే ఎరుకుంటే, అక్కెర లేని ముక్క వీకబుద్ధి గాదు బిడ్డా" అనేవాడు.

అప్పుడు ఆలోచించక గత్యంతరమూ లేదు. ఒక ట్రాన్సిస్టర్ కావాలన్నా పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ పోయి, కోఠీలో గుజరాతీ గల్లీ అంతా తిరిగి, ఏ అర్ధరాత్రికో ఇల్లు చేరాలి. తప్పు నంబరు రాసుకుపోతే మళ్లీ ఇంకో రోజు, ఇంకో బస్సు ఛార్జీ. అందుకే కదలకముందే పదిసార్లు ఆలోచించేవాళ్లం. ఇప్పుడు ఫోన్ మీద వేలు నొక్కితే చైనా నుంచి ఏకంగా బోర్డే గుమ్మంలోకి వచ్చి వాలుతుంది. ఆలోచించే అవసరం తీరింది, దాంతో అలవాటూ పోయింది.

1998లో బొంబాయి మీదుగా దుబాయ్ వచ్చాను. బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు, మన్‌ఖూల్ రోడ్డు, అల్ ఐన్ సెంటర్, ఆ చుట్టుపక్కల ఎటు చూసినా కంప్యూటర్ షాపులే. జనం ఆ వీధిని కంప్యూటర్ స్ట్రీట్ అనేవాళ్లు. ముందు షాపులో సేల్స్‌మన్లు, వెనక చిన్న గదిలో మేం ముగ్గురం: నేను, ఒక పెషావర్ మనిషి, ఒక ఫిలిప్పీన్స్ అబ్బాయి. ముగ్గురివీ మూడు భాషలు. మీటరు చూపించే అంకె మాత్రం ముగ్గురికీ ఒకటే. రాత్రి షాపు మూసేలోపు ఆ అంకె గురించే వాదించుకునేవాళ్లం.

అప్పటి లాప్‌టాప్ ఇటుకలా ఉండేది, బరువుండేది. కానీ రేపు ఎవరో ఒకరు విప్పుతారని తెలిసినవాడు చేసినట్టుండేది. అడుగున గొళ్లెం జరిపితే బ్యాటరీ చేతిలోకి వచ్చేది. ఒకటి రెండు స్క్రూలు తీస్తే హార్డ్ డిస్క్ సొరుగులా బయటికి జారేది. చిన్న మూత కింద ర్యామ్. ఐబీఎం థింక్‌ప్యాడ్‌లకైతే కంపెనీయే రిపేరు పుస్తకం బయటపెట్టేది. ఏది ముందు విప్పాలి, ఏది తర్వాత, ఏ స్క్రూ ఎంత పొడుగు, అన్నీ బొమ్మలతో సహా. 2005లో ఆ వ్యాపారం లెనోవో చేతికి పోయాక కూడా ఆ పుస్తకాలు ఆగలేదు.

ఆ పుటలు ప్రింటు తీసి గోడకు అంటించుకుని పని చేశాం. స్క్రూలు కలిసిపోకుండా ఒక అట్టముక్క మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూ ఆ చోటే గుచ్చేవాళ్లం. ఇది చాదస్తం కాదు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకి దిగి లోపలి రాగి గీత తెగుతుంది. ఇవాళ నా దగ్గరికి "బోర్డు పోయింది" అని వచ్చే మిషన్లలో కొన్నింటికి రోగం సరిగ్గా ఇదే. ముందు విప్పినవాడు స్క్రూలన్నీ ఒకే గిన్నెలో పోశాడు, మూసేటప్పుడు చేతికొచ్చింది బిగించాడు.

ఈ సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లు ఎక్కడినుంచి వచ్చి ఎవరి చేతికి చేరతాయో చెప్పాలి. అమెరికాలో, యూరప్‌లో ఆఫీసులు లీజు తీరగానే వదిలేసిన మిషన్లు కంటైనర్లలో ఇక్కడికి వస్తాయి. కొన్ని ఇక్కడినుంచి ఆఫ్రికా పోతాయి. ఇక్కడి ఆఫీసులవీ ఉంటాయి. 1981 నుంచి ఏటా దుబాయ్‌లో జరిగే జైటెక్స్ కంప్యూటర్ ప్రదర్శన కాలంలో డబ్బున్నవాళ్లు కొత్తది కొని పాతది వదిలించుకునేవాళ్లు. అలా తిరిగి తిరిగి ఒక మిషన్ సోనాపూర్ లేబర్ క్యాంపుకి చేరేది. ఒక గదిలో ఎనిమిది మంది, మా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లు. తలా కొంత చిట్టీలా వేసుకుని ఒక లాప్‌టాప్ కొనేవాళ్లు. శుక్రవారం సెలవు, పొద్దుటినుంచీ దాని ముందే. ఇంటినుంచి పెళ్లి వీడియో సీడీలు వచ్చేవి. తాను పోలేకపోయిన చెల్లె పెళ్లిని మూడు నెలల తర్వాత ఆ తెర మీద చూసి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చిన మనిషి నాకు తెలుసు. అలాంటి మిషన్ ఆగిపోతే "పోయింది, కొత్తది కొనుక్కో" అని ఏ నోటితో అంటాం?

అందుకే వెతికేవాళ్లం. మా చేతిలో ఉన్నవి మీటరు, కన్ను, చెవి, ముక్కు, వేలు. హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటోందంటే దానికి రోజులు దగ్గరపడ్డాయి, ఊరికే ఆన్ చేసి చూడకుండా ముందు ఫొటోలు కాపాడాలి. ఆన్ చేయగానే బీప్ బీప్ అని ఆగిపోతే చాలాసార్లు ర్యామ్. తీసి, దాని బంగారు రంగు అంచుని పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ పెడితే ఎన్నో మిషన్లు లేచి కూర్చునేవి. తెర నల్లగా ఉందా? టార్చిలైటు ఏటవాలుగా కొట్టి చూడాలి. బొమ్మ మసకగా కనబడితే మిషన్ నిక్షేపంలా ఉన్నట్టే, తెర వెనక దీపం పోయిందంతే. ఎల్ఈడీలు రాకముందు ఆ దీపం పుల్లంత సన్నటి ట్యూబ్‌లైటు, దానికి కరెంటిచ్చే ఇన్వర్టర్ వేలెడు పట్టీ. చాలాసార్లు ఆ పట్టీ మారిస్తే చాలు. తారీఖు రోజూ మర్చిపోతోందంటే బిళ్ల బ్యాటరీ అయిపోయింది, మూడు వోల్టులది. చార్జింగ్ పిన్ను కదిపితే లైటు వచ్చి పోతోందంటే లోపల జాక్ మాటు వదిలింది. మన ఊళ్లో చిల్లు బిందెకు మాటు వేసినట్టే దీనికీ వేయాలి.

ఇంకొకటి ఉంది, జనాన్ని బాగా మోసం చేసేది. కొన్ని అడాప్టర్ల నడిమధ్య సూదిలాంటి పిన్ను ఉంటుంది. అడాప్టర్ ఎన్ని వాట్లదో లాప్‌టాప్‌కి చెప్పేది అదే. అది వంగితే మిషన్ నడుస్తుంది, బ్యాటరీ మాత్రం చార్జ్ కాదు. బ్యాటరీ పోయిందని కొత్త బ్యాటరీ వేస్తారు. అదీ ఎక్కకపోతే బోర్డు పోయిందంటారు. వంగిన పిన్ను వంగినట్టే ఉంటుంది.

మా కాలం మిషన్లన్నీ మేలిమి బంగారమని నేననను. 2008 జూలైలో ఎన్‌విడియా కంపెనీ, లాప్‌టాప్‌ల్లో పెట్టిన తన గ్రాఫిక్స్ చిప్‌లు కొన్నింటిలో వాడిన పదార్థం బలహీనంగా ఉండి చెడిపోతున్నాయని, అందుకు 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్ల దాకా ఖర్చు రాసుకుంటున్నానని తానే ప్రకటించింది. చిప్ లోపలి పగులు అది. దాన్ని హీట్ గన్‌తో వేడి చేస్తే కొన్నాళ్లు అంటుకుంటుంది, మళ్లీ విడుతుంది. తెర వెలగగానే డబ్బు తీసుకుని పంపించిన షాపులు అప్పుడూ ఉన్నాయి. మా బల్ల దగ్గర మాత్రం ముందే చెప్పేవాళ్లం: "ఇది నెల నడవచ్చు, ఆర్నెల్లు నడవచ్చు. ఫొటోలు తీసి పెట్టుకో. ఆ మాట మీద చేయమంటేనే చేస్తా." కొందరు వద్దని తీసుకుపోయేవాళ్లు. పోనీ, అబద్ధం మీద వచ్చే డబ్బు మాకొద్దు.

ఇప్పుడు మిషన్ పలచబడింది, మూసుకుపోయింది కూడా. 2012లో ఆపిల్ రెటీనా తెర మ్యాక్‌బుక్ ప్రో తెచ్చినప్పుడు ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసింది, బ్యాటరీని జిగురుతో అంటించింది, అడుగున ఐదు రేకుల స్క్రూలు పెట్టింది. మామూలు స్క్రూడ్రైవర్ దానికి పట్టదు. పలచటి మిషన్లు చేసే మిగతావాళ్లు చాలామంది అదే దారి పట్టారు. ఎనిమిది జీబీతో కొన్నవాడు ఆ మిషన్ ఉన్నన్నాళ్లూ ఎనిమిదితోనే సర్దుకోవాలి. మా రోజుల్లో రెండో ర్యామ్ ముక్క పెట్టడం నల్లేరు మీద నడక. కొన్నింటిలో ఎస్ఎస్‌డీ కూడా బోర్డుతో కలిసిపోయింది. బోర్డు ఆగితే ఫొటోలు, సర్టిఫికెట్లు, పాస్‌పోర్ట్ కాపీలు అన్నీ దాంతోనే ఆగిపోతాయి. మిల్లీమీటరు మందం తగ్గించడానికి మనిషి చేతినుంచి ఇంత లాక్కోవాలా?

పైగా ఇది ఎడారి దేశం. జూలైలో పార్కింగ్‌లో మూసిన కారు లోపల లాప్‌టాప్ వదిలిపోతారు. సాయంత్రం వచ్చి చార్జింగ్ పెడతారు. రోజూ ఇదే తంతు. కొన్నాళ్లకు "టచ్‌ప్యాడ్ నొక్కితే పడట్లేదు" అని తెస్తారు. టచ్‌ప్యాడ్‌కి ఏమీ కాలేదు, దాని కింద బ్యాటరీ పూరీలా పొంగింది. జిగురు పెట్టి అంటించిన ఆ బ్యాటరీని ఇనుప పనిముట్టు తగలకుండా, వంచకుండా, దారంతో కొద్దికొద్దిగా కోసి లేపాలి. గుచ్చుకుంటే మంటే. గొళ్లెం జరిపితే వచ్చే బ్యాటరీ ఉన్న రోజుల్లో పసివాడు కూడా దాన్ని తీసి పక్కన పెట్టగలిగేవాడు.

షమాల్ అనే దుమ్ము గాలి వీచిన వారం నా బల్ల మీద వేడెక్కి ఆగిపోయే మిషన్లు బారులు తీరతాయి. విప్పితే ఫ్యానుకీ, రాగి రేకులకీ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది. గాలి ఇటునుంచి అటు పోదు. ఆ దుప్పటి తీసి, ఎండి పెచ్చులైన థర్మల్ పేస్టు తుడిచి, బియ్యపు గింజంత కొత్తది పెడితే ఇరవై నిమిషాల పని. దీనికి కూడా ప్రాసెసర్ పోయిందని చెప్పి పంపినవాళ్లున్నారు. ఆగస్టులో ఇక్కడి ఉక్కపోత ఇంకో శత్రువు. ఏసీ గదినుంచి బయటికి వస్తే కళ్లద్దాల మీద ఎలా నీరు పడుతుందో, చల్లబడ్డ మిషన్ లోపలా అలాగే పడుతుంది. ఇత్తడి చెంబుకి పట్టినట్టు రాగి గీతలకు పచ్చటి చిలుము పడుతుంది.

2024 ఏప్రిల్ 16న కురిసిన వాన ఇక్కడ ఎవరూ మర్చిపోరు. 75 ఏళ్లలో అంత వాన నమోదు కాలేదు. షార్జాలో కొన్ని వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ తర్వాత రెండు నెలలు తడిసిన లాప్‌టాప్‌లే. ఒకరి తర్వాత ఒకరు బియ్యం డబ్బాలో పెట్టి తెచ్చారు. బియ్యం బోర్డు మీది మురికి నీటిని లాగదు. పైగా రంధ్రాల్లో నూక ఇరుక్కుంటుంది, నీటిలోని ఉప్పు లోపలే ఉండిపోయి రాగిని తింటూ ఉంటుంది. తడిస్తే చేయాల్సింది ఒకటే: ఆన్ చేయకూడదు, వెంటనే బ్యాటరీ వైరు విడదీయాలి, బోర్డు బయటికి తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్షుతో కడగాలి. మొదటి రోజే తెచ్చినవాళ్లవి చాలావరకు బతికాయి. పని చేస్తోందో లేదో చూద్దామని బటన్ నొక్కినవాళ్లవి చాలా పోయాయి.

అంతకు నాలుగేళ్ల ముందు, 2020 మార్చిలో బడులన్నీ ఇంటికి వచ్చేశాయి. ముగ్గురు పిల్లలు, ఒక ఫోను. షాపుల్లో కొత్త లాప్‌టాప్‌లు కావాలంటే దొరకలేదు, దొరికినా కొనే స్తోమత అందరికీ లేదు. అప్పుడు మా బల్ల కింద పడి ఉన్న డొక్కులన్నీ బయటికి తీశాం. దీని తెర, దాని కీబోర్డు, ఇంకోదాని బోర్డు కలిపి ఒకటి చేశాం. ఒకటికి మూత నల్లగా, అడుగు బూడిద రంగు. పిల్లకి రంగుతో పనేముంది, పాఠం వినబడింది. విడదీయడానికి వీలున్న మిషన్లు కాబట్టే అది చేయగలిగాం. అంతా జిగురు మిషన్లే అయితే ఆ పిల్లల గతి ఏమయ్యేది?

ఇక 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ తర్వాతిదో ఉండాలి. నా బల్ల కింద ఇప్పుడు ఆరో తరం, ఏడో తరం మిషన్లు పదకొండున్నాయి. కీబోర్డు బాగుంది, తెర బాగుంది, ఎస్ఎస్‌డీ వేస్తే గుర్రంలా పరిగెడుతుంది. ఒక్కదానికీ జబ్బు లేదు. జబ్బు లేకుండానే ముసలివైపోయాయట! వాటిలో లినక్స్ వేసి, ఉత్తరాలు, బ్యాంకు, పిల్లల చదువు దానిలో ఎలా చేసుకోవాలో కూర్చోబెట్టి నేర్పి పంపిస్తున్నాను. ఐక్యరాజ్య సమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. దుబాయ్‌లో 2019 నుంచి ఎన్విరోసర్వ్ వాళ్ల పెద్ద రీసైక్లింగ్ కేంద్రం నడుస్తోంది, చచ్చిన మిషన్లకు అది మంచి చోటే. ఊపిరున్నదాన్ని అక్కడికి పంపడం మాత్రం పాపం.

కొత్తదంతా చెడ్డదని నేను అనడం లేదు. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడితే పదేళ్ల మిషన్‌కి ప్రాణం లేచొస్తుంది, మా రోజుల్లో ఇంత మంచి మందు లేదు. మేం భూతద్దంతో తంటాలు పడిన చోట ఇప్పుడు మైక్రోస్కోప్ ఉంది. 2021లో ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ ప్రతి ముక్కా మార్చుకునేలా లాప్‌టాప్ చేసి అమ్మి చూపించింది. 2022 డిసెంబర్‌లో మన దేశంలో రిపేరు హక్కు పోర్టల్ తెరిచారు. 2024లో యూరప్ ఏకంగా చట్టమే చేసింది. ఇవి చూస్తే నా ప్రాణానికి హాయిగా ఉంటుంది. కానీ పనిముట్టు ఎంత మంచిదైనా, హక్కు ఎంత గట్టిదైనా, "తప్పు ఎక్కడ?" అని అడిగే మనిషి బల్ల ముందు లేకపోతే అవి దేనికి?

పోయిన నెల సంగతి చెబుతాను. మా మల్యాల వైపు మనిషి ఒకాయన వచ్చాడు. దుబాయ్‌లో షట్టరింగ్ పని. బిడ్డ నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతోంది. ఆమె కోసం 550 దిర్హాములు పెట్టి సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాడు. వారం నడిచి ఆగిపోయింది. "రెండు దుకాన్లు తిరిగిన అన్నా. బోర్డు వోయింది, నాలుగు వందల యాభై అయితదన్నరు. ఎల్లుండి మా ఊరాయన పోతుండు, ఆయనతోని పంపుదామనుకున్న" అన్నాడు.

నా దగ్గర నిజామాబాద్ పిల్లవాడు ఒకడు పని నేర్చుకుంటున్నాడు. డిప్లొమా చదివాడు, చేతులు చురుకు. అడాప్టర్ పెట్టగానే దాని లైటు ఆరిపోయింది. అంటే లోపల ఎక్కడో కరెంటు నేలపాలవుతోంది. వాడు విప్పి, బ్యాటరీ వైరు తీసి, మీటరు పెట్టి, "మెయిన్ లైన్ షార్ట్ ఉంది కాకా" అని ఐరన్ అందుకున్నాడు.

"ఏడుంది షార్ట్?"

"తెలువది. ఒక్కొక్క కండెన్సర్ వీకి చూద్దాం."

"తెలువనప్పుడు ఐరన్ కింద వెట్టు."

కూర్చోబెట్టి చెప్పాను. మన కాకతీయ కాలువకు ఎక్కడో గండి పడిందనుకో. ఆయకట్టంతా ఎండుతుంది. అప్పుడు కొత్త కాలువ తవ్వుతామా? గట్టు వెంట నడిచి గండి ఎక్కడుందో చూస్తాం. ఈ బోర్డు మీద 19 వోల్టుల లైను వెంబడి కండెన్సర్లు ఒకదాని పక్కన ఒకటి ఎన్నో ఉన్నాయి. అందులో ఒక్కటి చెడి గండి పడితే లైనంతా పడిపోతుంది. మీటరుకి అన్నీ చెడిపోయినట్టే కనబడతాయి. కాబట్టి నీళ్లు ఎటు పారుతున్నాయో చూడాలి.

పవర్ సప్లైని ఒక్క వోల్టుకి దించాం. అంత తక్కువ వోల్టేజీ అయితే మంచి చిప్‌లకు హాని ఉండదు. లైనుకి ఒక వైరు, నేలకు ఒక వైరు. బోర్డు మీద దూదితో ఆల్కహాల్ పలచగా పూశాం. బోర్డంతా తడిగా మెరిసింది. కరెంటు ఇచ్చాం. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. మూడు క్షణాలు, నాలుగు క్షణాలు. బోర్డు అంచున, ఒక నల్లటి చిప్ పక్కన, తడి ఒక్కచోట చప్పున ఇగిరిపోయింది. చుట్టూ తడి, మధ్యలో చుక్కంత పొడి. ఆ పొడిలో నువ్వు గింజంత కండెన్సర్. కరెంటంతా దానిలోంచి పారి అది ఒక్కటే కాలుతోంది.

"గది కాకా!" అని వాడు అరిచిన అరుపుకి పక్క షాపువాళ్లు తొంగి చూశారు.

"ఇప్పుడు ఐరన్ అందుకో" అన్నాను.

దాన్ని లేపగానే మీటరు అరుపు ఆగింది. ఒక చచ్చిన బోర్డు నుంచి అదే విలువ ఉన్న మంచి ముక్క తీసి ఆ చోట పెట్టాడు. అడాప్టర్ లైటు ఆరలేదు. ఫ్యాను తిరిగింది. మొత్తం గంటన్నర పని, 60 దిర్హాములు తీసుకున్నాం. అడాప్టర్‌కి ఇక్కడి చదరపు కాళ్ల ప్లగ్గు తీసేసి మన గోడలకు పట్టే గుండ్రటి కాళ్ల వైరు పెట్టి ఇచ్చాం.

కొనేవాళ్లకూ నాదొక మాట. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు మెరుపు చూసి మోసపోకండి. షాపులోనే అరగంట కూర్చోండి. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. ప్రతి కీ నొక్కండి. ఆన్ అవుతున్నప్పుడు బయోస్‌లోకి పోయి పాస్‌వర్డ్ అడుగుతోందేమో చూడండి, ఏ ఆఫీసువాడో పెట్టిన తాళం ఉంటే తర్వాత తలనొప్పి. తెల్ల తెర, నల్ల తెర పెట్టి మచ్చలు చూడండి. ర్యామ్ విడిగా ఉందా, బోర్డులో కలిసిపోయిందా అడగండి. మూత విప్పి చూపించమనండి. విప్పనంటే అక్కడ కొనకండి. ఆగిపోయినప్పుడు ఎవరైనా "బోర్డు పోయింది" అంటే, ఏ లైను, ఎన్ని వోల్టులు రావాలి, ఎన్ని వస్తున్నాయి అని అడగండి. మీటరు పెట్టినవాడైతే జవాబు చెబుతాడు.

ఆ రోజు మల్యాల ఆయన లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని లేస్తుంటే పిల్లవాడు ఆగమన్నాడు. నేను చెప్పలేదు. తీసిన ముక్కను తెల్ల కాగితం మీద పెట్టి, పైన పారదర్శకంగా ఉండే టేపు అంటించి, మడిచి, ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు.

"గింత దానికా అన్నా నాలుగు వందల యాభై? దీన్నిప్పుడు ఏం జేయాలె?"

"దగ్గర వెట్టుకో తమ్మీ. బోర్డు వోయిందని ఎవడన్న అంటే, గిది సూపిచ్చి అడుగు."